ఊరు కదిలినప్పుడు బడి

ఖమ్మం మెట్ట పొలాలు వెనుకబడి భద్రాచలం అడవులు ఎదురయ్యే సంధిస్థలంలో, గోదావరి కుడి గట్టున బూర్గంపాడు ఉన్నది. పాల్వంచ అడవుల గుండా ప్రవహించి వచ్చిన కిన్నెరసాని ఆ సమీపంలోనే గోదావరిలో కలుస్తుంది. విశ్వనాథ సత్యనారాయణ గేయకావ్యం వలన ఆ చిన్న ఏటికి తెలుగు సాహిత్యంలో శాశ్వత స్థానం లభించింది. ఆ ఏటి గట్టున, ఆ గోదావరి గట్టున ఉన్న పల్లెలలో మొదటిసారిగా పిల్లల చేత అక్షరాలు దిద్దించిన బడులకు మాత్రం అటువంటి భాగ్యం కలుగలేదు. అవి చిన్న కట్టడాలు. వాటి గోడల మీద శాసనాలు ఉండవు. కట్టించిన రాజుల పేర్లు ఉండవు. అయినను అడవి అంచున ఒక సమాజం చదువు వైపు వేసిన మొదటి అడుగుకు అవే సాక్ష్యాలు.

ఒక ఊరు తన చోటు వదిలి వెళ్ళవలసి వచ్చినప్పుడు దేవుణ్ణి వెంట తీసుకొనిపోతుంది. పోచమ్మ గద్దె మట్టిని పిడికెడైనా మూటగట్టుకొనిపోతుంది. ఇళ్ళ దూలాలు, వాసాలు, ద్వారబంధాలు ఊడదీసి బండ్లకెక్కిస్తారు. బడి మాత్రం వెనుకనే మిగిలిపోతుంది. అది అందరిదీ కావడమే అందుకు కారణం. అందరిదీ అయిన వస్తువును మోసుకుపోవలసిన బాధ్యత ఏ ఒక్కరి మీదా పడదు. గోదావరి లోయలో ఈనాడు ఇది ఊహాజనితమైన ప్రశ్న కాదు. పోలవరం ప్రాజెక్టు కింద ముంపునకు గురయ్యే పల్లెలు ఒకదాని తరువాత ఒకటి కొత్త కాలనీలకు తరలిపోతున్నాయి. వాటితోపాటు పాతబడి పోవలెనా, అక్కరలేదా అన్నది ఇప్పుడే తేలవలసిన విషయం.

ఈ ప్రాంతపు బడులకు విలువ ఎక్కడినుండి వచ్చిందో తెలియాలంటే నది రెండు ఒడ్ల చరిత్రను కొంత చూడక తప్పదు. 1860 నాటి ఒడంబడికతో గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం ప్రాంతం నిజాం ఏలుబడి నుండి బ్రిటిషు ప్రభుత్వానికి సంక్రమించింది. కొంతకాలం అది సెంట్రల్ ప్రావిన్సులలో ఉండి, 1874లో మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో చేరింది. కుడి ఒడ్డున ఉన్న బూర్గంపాడు మాత్రం హైదరాబాదు సంస్థానంలోనే కొనసాగింది. ఒకే నది, ఒకే అడవి, ఇరువైపులా అవే కోయ గూడేలు. అయినా ఒక ఒడ్డున పై చదువు తెలుగుతోనూ ఆంగ్లంతోనూ సాగితే, రెండవ ఒడ్డున ఉర్దూతో సాగింది. పడవలో అరగంట ప్రయాణం చేసిన పిల్లవానికి బడి భాష మారిపోయేది. ఇంటిలో అతడు మాట్లాడే కోయభాష ఏ ఒడ్డున ఉన్న బడిలోనూ వినిపించేది కాదు.

1948లో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైంది. 1953లో వరంగల్లు నుండి విడివడి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1956లో రెండు ఒడ్లూ ఒకే రాష్ట్రంలోకి, 1959లో ఒకే జిల్లాలోకి వచ్చాయి. సారపాక వద్ద గోదావరిపై వంతెన 1965లో ప్రారంభమైన తరువాత గాని రెండు ఒడ్ల మధ్య నిరంతరమైన రాకపోకలు కుదరలేదు. అంతలో మరొక మలుపు వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు ప్రాంతాన్ని ఆంధ్రప్రదేశ్‌లో చేర్చారు. కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు పూర్తిగాను, భద్రాచలం పట్టణం మినహా ఆ మండలంలోని ఇతర గ్రామాలు, బూర్గంపాడు మండలంలోని కొన్ని గ్రామాలు అటు వెళ్ళాయి. బూర్గంపాడు ఊరు తెలంగాణలో నిలిచి, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో భాగమైంది. ఒక మండలమే రెండు రాష్ట్రాల మధ్య చీలిపోయింది. ఇన్ని పాలనలు మారినా పల్లెలో మారకుండా నిలిచిన ప్రభుత్వ కట్టడం ఏదైనా ఉన్నదంటే అది బడియే. తహసీలు కచేరీ ఏ ఊరిలో ఉన్నదో, జిల్లా కేంద్రం ఎటు మారిందో గుర్తులేని ముసలివారికి కూడా తాము కూర్చున్న బడి అరుగు గుర్తుంటుంది.

ఏజెన్సీ పల్లెలలోని పాత బడులు చాలావరకు ఒకే తీరున కనిపిస్తాయి. ఒకే పొడవాటి గది, ముందు వసారా. మట్టితోగాని, రాతితోగాని, ఇటుకతోగాని లేచిన మందమైన గోడలు. వాటిపై టేకు, నల్లమద్ది దూలాలు, వెదురు లేదా తాటి వాసాలు, ఆపైన కుమ్మరి పెంకులు. వసారా చూరుకు వేలాడే రైలు పట్టా ముక్క, దానిని మోగించేందుకు ఒక ఇనుప చువ్వ. గోడకు నల్లగా పూసిన చదరమే నల్లబల్ల. మూలగా ఒక చెక్క పెట్టె, అందులో హాజరు పట్టీలు, ప్రవేశాల రిజిస్టరు. ఈ కట్టడానికి చాలాచోట్ల ప్రభుత్వం ఇచ్చినది పంతులు జీతం మాత్రమే. స్థలం ఒకరు ఇచ్చారు, కర్ర అడవి ఇచ్చింది, గోడలను ఊరి ఆడవారు, మగవారు కలిసి లేపారు. కాగితం మీద అది ప్రభుత్వ భవనమే కావచ్చును. నిజానికి అది ఊరి చెమటతో నిలిచిన ఇల్లు.

ఆ ఇంటికి మరొక ఉపయోగం కూడా ఉన్నది. గోదావరి గట్టున కాపురముండేవారికి వరద కొత్త కాదు. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో అక్కడ నీరు 75.6 అడుగుల ఎత్తుకు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులను తాకింది. గోదావరి పొంగి కిన్నెరసానిని వెనుకకు నెట్టినప్పుడు బూర్గంపాడు పరిసరాలలోని లోతట్టు ఊళ్ళు రెండు వైపుల నుండీ మునుగుతాయి. అటువంటి రాత్రులలో మెరకన ఉన్న బడియే ఊరికి ఆశ్రయం. పిల్లలు పగలు ఎక్కాలు చదివిన గదిలో రాత్రి తల్లులు పొయ్యి వెలిగిస్తారు. వరదలో బడికి వెళ్ళడమంటే ప్రాణం దక్కించుకోవడమని ఆ పల్లెలకు తెలుసు. కొన్ని బడులు మాత్రం మెరకన లేకపోవడం వలన ఊరికంటె ముందే మునిగిపోయేవి. వాటిని ఊరివారే ఎత్తైన చోటికి మార్చుకొనేవారు. అనగా బడిని కదిలించడం ఆ ప్రాంతానికి పరాయి ఆలోచన కాదు.

పోలవరం జలాశయం వలన కలిగే కదలిక వేరు. వరద వచ్చి పోతుంది. జలాశయపు నీరు వచ్చి నిలుస్తుంది. తొలిదశలో 41.15 మీటర్ల మట్టం వరకు, పూర్తిస్థాయిలో 45.72 మీటర్ల వరకు నీరు నిలుపవలెనన్నది ప్రణాళిక. ఆ లెక్కలో సుమారు లక్ష కుటుంబాలు నివాసం మార్చుకోవలసి ఉన్నది. వారిలో అధికభాగం గిరిజనులే. బూర్గంపాడు ఊరు ముంపు జాబితాలో లేకపోయినను, జలాశయపు వెనుకనీటి ప్రభావం తమ వరకు వస్తుందన్న ఆందోళన ఆ ప్రాంతంలో ఉన్నది.

తరలిపోయే ఊరి విషయంలో చట్టం ఏమంటున్నది? 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టం పాత చట్టం కంటె చాలా ఉదారమైనది. భూమి సేకరించడానికి ముందు సామాజిక ప్రభావాన్ని అంచనా వేయాలని అది ఆదేశించింది. ఆ అంచనాలో పరిశీలించవలసిన వాటిలో బడులు, అంగన్‌వాడీలు, ప్రార్థనా స్థలాలు, శ్మశానాలు, గిరిజనుల సంప్రదాయ వ్యవస్థలకు చెందిన స్థలాలు కూడా ఉన్నాయి. కొత్త కాలనీలో తప్పక ఉండవలసిన సౌకర్యాలను మూడవ షెడ్యూలు వరుసగా చెప్పింది. బడి అందులో ఉన్నది. ఇంతవరకు మెచ్చుకోదగినదే. కాని ఆ చట్టం దృష్టిలో బడి అంటే ఒక సౌకర్యం. ఒక సౌకర్యం పోతే మరొకటి కట్టి ఇస్తే లెక్క సరిపోతుంది. చేతిపంపు విషయంలో ఆ లెక్క న్యాయమే. బడి విషయంలో అది చాలదు. ఇల్లు కోల్పోయినవానికి పరిహారం అడిగే హక్కు ఉన్నది. బడిగోడ లేపిన ఊరికి ఆ హక్కు లేదు. ప్రభుత్వ భవనం ప్రభుత్వానిదే గనుక, దాని కొరకు చేయిచాచే యజమాని ఊరిలో ఎవరూ ఉండరు.

పురావస్తు చట్టాల ద్వారానైనా రక్షణ దొరుకునా అంటే అదీ కష్టమే. 1958 నాటి కేంద్ర చట్టం ప్రకారం ప్రాచీన కట్టడమనిపించుకోవడానికి కనీసం నూరేళ్ళ వయస్సు ఉండవలె. అడవి పల్లెలలో అక్షరాస్యత ఆలస్యంగా వచ్చింది. అందువలన అక్కడి తొలి బడుల వయస్సు అరవై, డెబ్బై, ఎనభై ఏళ్ళు మాత్రమే. పట్టణంలో నూటయాభై ఏళ్ళ కళాశాల చారిత్రక కట్టడం అవుతుంది. ఏజెన్సీలో మొదటి కోయ బాలిక పలక పట్టిన గది ‘శిథిల భవనం’ అవుతుంది. చదువు ఆలస్యంగా అందించినందుకు ఆ పల్లెలకు పడిన రెండవ శిక్ష ఇది. చరిత్రకు కొలమానం సంవత్సరాల సంఖ్య ఒక్కటే కారాదు. ఏ సమాజానికి ఏది తొలి అడుగో అది చూడవలె.

కట్టడాలను తరలించడం తెలుగునేలకు తెలియని విద్య కాదు. కృష్ణా తుంగభద్రల సంగమ స్థానంలో కూడవెల్లి వద్ద ఉన్న చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయంలో మునగవలసి ఉండగా, దానిని రాయి రాయిగా విప్పి, ప్రతి రాతికీ అంకె వేసి, అలంపురంలో తిరిగి నిలబెట్టారు. అంతకు ముందే నాగార్జునసాగర్ కట్టినప్పుడు ఇంతకంటె పెద్ద ప్రయత్నం జరిగింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ అంతా జలాశయం కిందికి వెళ్ళనున్నదని తెలిసి, 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో అక్కడ విస్తృతంగా తవ్వకాలు జరిపారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నింటిని నాగార్జునకొండ మీద, మరికొన్నింటిని అనుపు వద్ద పునర్నిర్మించారు. అనుపులో నేడు యాత్రికులు చూసే మెట్ల రంగస్థలం, బౌద్ధవిహారాల పునాదులు అలా చేరినవే. అక్కడ పునర్నిర్మించిన విహారాన్ని జనం ‘నాగార్జున విశ్వవిద్యాలయం’ అని పిలుస్తారు. ఆ పేరు ఎంతవరకు చారిత్రకమో పండితులు తేల్చవలె. విద్యార్థులు నివసించి చదివిన గదుల వరుస అది అన్న భావనే జనులను అక్కడ ఎక్కువసేపు నిలబెడుతున్నది. తెలుగువారు ఒక ప్రాచీన విద్యాస్థానాన్ని జలసమాధి నుండి ఎత్తి ఒడ్డున నిలిపారనడానికి అనుపు సాక్ష్యం.

అదే లోయలో ఆనాడు జనం కాపురమున్న పల్లెలు కూడా ఉన్నాయి. అవీ లేచిపోయాయి. పదిహేడు వందల ఏళ్ళనాటి ఇటుకలను దించిన శ్రద్ధ గొప్పదే. ఆ శ్రద్ధ పరిధిలోనికి తమ కాలపు పల్లె రాలేదన్నది కూడా అంతే నిజం. ఆనాటివారిని తప్పుపట్టడం సులభం, అయితే అది న్యాయం కాదు. అప్పటికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చి పదేళ్ళు కాలేదు, తిండిగింజలు కావలసి ఉన్నాయి, సమయం చాలలేదు. ఈనాడు ఆ సాకులు లేవు. ఛాయాచిత్రం తీయడానికి ఖర్చు లేదు, కొలతలు తీయడానికి పనిముట్లున్నాయి, ముంపు మట్టం ముందుగానే తెలుసు.

ఇతర దేశాలలో బడినే తరలించిన సందర్భాలున్నాయి. జపానులోని మత్సుమోతో పట్టణంలో 1876లో కైచి పాఠశాలను కట్టారు. ఖర్చులో అధికభాగం ప్రజల విరాళాలే. పడమటి దేశాల శైలి భవనాలను చూసివచ్చిన స్థానిక వడ్రంగి, తాను చూసినదాన్ని తనకు తెలిసిన చేతిపనితో కలిపి కట్టాడు. చెక్కతో కట్టి రాతిలా కనిపించేట్టు పూత పూశాడు. ఆ బడి మెతోబా నది పక్కన దాదాపు తొంభై ఏళ్ళు నడిచింది. 1963లో తరగతులు ఆపి, భవనాన్ని విప్పి, ప్రస్తుత స్థలంలో తిరిగి నిలిపి, విద్యా ప్రదర్శనశాలగా తెరిచారు. 2019లో ఆ దేశం దానిని జాతీయ నిధిగా ప్రకటించింది. కట్టడంతోపాటు ఆ బడికి చెందిన పాఠ్యపుస్తకాలు, దస్తావేజులు వేల సంఖ్యలో అక్కడ భద్రంగా ఉన్నాయి. చెక్క ఎంత విలువైనదో ఆ కాగితాలు అంతకంటె విలువైనవి.

అమెరికాలో 1920వ దశకంలో హెన్రీ ఫోర్డు చేసినది వేరొక తీరు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్టెర్లింగులో 1798 నాటి చిన్న బడి ఒకటి ఉండేది. ఒక ప్రసిద్ధ శిశుగేయానికి ఆ బడియే మూలమన్న నమ్మకంతో ఆయన దానిని కొని సడ్‌బరీకి తరలించాడు. ఆ నమ్మకం మీద తగవు నేటికీ తీరలేదు. ధనవంతుడు తనకు నచ్చిన బడిని దాని ఊరి నుండి పెళ్ళగించి మరొక ఊరికి తెచ్చుకోవడం మెచ్చదగిన పద్ధతి కాదు. కాని ఒక మంచి పని కూడా చేశాడు. ఆ బడికి తాళం వేయక, 1951 వరకు అందులో చిన్న తరగతులు నడిపించారు. కైచి పాఠశాల తన పత్రాలను, తన ఊరిని నిలుపుకొన్నది, పిల్లలను వదులుకొన్నది. సడ్‌బరీ బడి తన ఊరిని పోగొట్టుకొని, పిల్లలను కొంతకాలం నిలుపుకొన్నది. గోదావరి లోయకు కావలసినది ఈ రెండింటి కలయిక. ఊరితో కలిసి కదిలే బడి కావలె. పత్రాలూ పిల్లలూ రెండూ ఉన్న బడి కావలె.

చెన్నై సమీపంలోని ముట్టుకాడులో దక్షిణచిత్ర అనే కేంద్రం ఉన్నది. 1996లో ప్రారంభమైన ఆ ఆవరణలో దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్ళను విప్పి తెచ్చి తిరిగి కట్టారు. తెలుగు ప్రాంతపు ఇళ్ళూ అందులో ఉన్నాయి. మట్టి గోడను మోసుకురాలేరు. కాని అదే కొలతలతో, అదే పద్ధతితో కొత్త మట్టిని మెత్తవచ్చును. దూలాలు, తలుపులు, పెంకులు మోసుకురావచ్చును. అందుచేత పల్లె కట్టడాన్ని తరలించడం సాంకేతికంగా అసాధ్యమన్న వాదన నిలువదు. నిజానికి రాతి గుడికంటె కర్ర, పెంకుల బడిని విప్పడమే తేలిక. గుడి రాయిని ఎత్తడానికి యంత్రాలు కావలె. బడి దూలాన్ని నలుగురు మనుషులు ఎత్తగలరు.

అయినా ఈ ఆలోచనకు ఎదురయ్యే అభ్యంతరాలు బలమైనవే. వాటిలో మొదటిది ఆకలికి సంబంధించినది. భూమికి భూమి రాక, పరిహారం పూర్తిగా అందక, కాలనీలో నీటికుళాయి సరిగా రాక అవస్థపడే కుటుంబానికి పాతబడి మీద వ్యాసం వినిపించడం క్రూరమనిపించవచ్చును. అది నిజమే. భూమి, నీరు, ఇల్లు ముందు రావలె. అవి ఇవ్వని ప్రభుత్వం పాత దూలాలను మోసి తెచ్చి ఫలకం పెట్టి చప్పట్లు కొట్టించుకొంటే అంతకంటె సిగ్గుచేటు ఉండదు. కాని ఈ రెంటినీ పోటీకి నిలపడం కూడా సరికాదు. కాలనీలో బడి ఎలాగూ కట్టవలసినదే. దానికి నిధులు ఎలాగూ ఉంటాయి. ఆ కొత్త భవనంలో ఒక గదిని పాతబడి దూలాలతో, పాత ద్వారబంధంతో కట్టమని కోరడం వలన ఎవరి ఎకరమూ తగ్గదు.

రెండవ అభ్యంతరం భద్రతది. చెదలు తిన్న కర్ర, పగిలిన పెంకులు పిల్లల నెత్తిన పడితే బాధ్యులెవరని అధికారులు అడుగుతారు. అడగవలసినదే. అందువలన ఏ దూలం పనికివస్తుందో, ఏది పనికిరాదో చూడగల వడ్రంగి, ఏ గోడ ఎందుకు పగిలిందో చెప్పగల మేస్త్రి కావలె. పాత గోడకు సిమెంటు పూయడం మరమ్మతు అనుకొనే పద్ధతి చాలాచోట్ల ఉన్నది. మట్టి, సున్నపు గోడలు తేమను పీల్చి వదులుతాయి. వాటిపై సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక గోడ లోలోపల కుళ్ళుతుంది. పూత పెచ్చులుగా ఊడుతుంది. గానుగసున్నం ఆరడానికి సమయం తీసుకొంటుంది. గుత్తేదారుకు ఆ ఓపిక ఉండదు. ఓపిక ఉన్న ముసలి మేస్త్రీలు ఆ పల్లెలలోనే ఇంకా కొందరున్నారు. వారి చేత పని చేయించి, పక్కన నలుగురు యువకులను నిలబెడితే విద్య కూడా మిగులుతుంది.

అన్నిటికంటె ఆలోచింపదగిన అభ్యంతరం వేరొకటి ఉన్నది. పాతబడి జ్ఞాపకం అందరికీ తీపి కాదు. కోయ పిల్లవాడు తనకు రాని భాషలో పాఠం వినలేక, పంతులు బెత్తానికి భయపడి అడవిలోకి పారిపోయిన బడి కూడా అదే. నెలకొకసారి వచ్చి సంతకాలన్నీ ఒకేరోజు పెట్టిన పంతుళ్ళున్న బడి కూడా అదే. అటువంటి గోడలను ఎందుకు మోయాలి? ఈ ప్రశ్నకు పాక్షికమైన సమాధానం ఆదిలాబాదు అడవులలోని మార్లవాయిలో దొరుకుతుంది. మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ గోదావరి గట్టున కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో వారి మీద పుస్తకం ప్రకటించాడు. ఆయన కృషి ఫలితంగా 1940వ దశకంలో మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తీర్చే శిక్షణ మొదలైంది. గోండీ భాషలోనే వాచకాలు తయారయ్యాయి. ఆ ఊరు ఆయనను, ఆయన భార్యను తన మనుషులుగా భావించింది. వారి సమాధులు అక్కడే ఉన్నాయి. పిల్లవాని భాష మాట్లాడిన బడిని ఊరు మరువదన్నమాట. మాట్లాడని బడిని కూడా మరువకూడదు. ఏమి పోయిందో, ఏమి జరగలేదో తెలియడానికి అదియే ఆధారం. మంచి జ్ఞాపకం మాత్రమే దాచదగినదైతే చరిత్ర పుస్తకాలు చాలా పలుచనవుతాయి.

ఈ విషయంలో తుది నిర్ణయం ఎవరిది అన్నది ముఖ్యమైనది. ఇవి షెడ్యూల్డు ప్రాంతపు పల్లెలు. భూసేకరణకు, పునరావాసానికి ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెప్పింది. ఆ సభలో ఇప్పటివరకు ఎకరాలు, చెట్లు, ఇళ్ళు చర్చకు వస్తున్నాయి. బడి విషయం కూడా ఆ సభకే వదలవలె. కొన్ని ఊళ్ళు అవసరం లేదనవచ్చును. కొన్ని గోడలు వద్దు గంట చాలుననవచ్చును. కొన్ని చెట్టు కింద అరుగును మాత్రమే కోరవచ్చును. పట్టణం నుండి వచ్చిన నిపుణుడు ఏది వారసత్వమో చెప్పడంకంటె, ఊరివారు ఏది వదులుకోలేరో చెప్పడమే సముచితం. రెండు మూడు గూడేలను కలిపి ఒకే కాలనీలో పెట్టినచోట చిక్కు ఇంకొంచెం పెద్దది. ఎవరి బడి దూలం ఎవరి గదికి ఎక్కాలన్న తగవు రాకమానదు. అటువంటి తగవులను పెద్దలు కూర్చొని తీర్చుకోగలరు. అంతకంటె కష్టమైనవి తీర్చుకొన్నవారే వారు.

పనిచేసే తీరులో మాత్రం కొంత క్రమం తప్పనిసరి. విప్పకముందే గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి చిత్రం గీయవలె. నాలుగు దిక్కుల నుండి ఛాయాచిత్రాలు తీయవలె. పైకప్పు నుండి కిందికి విప్పుకొంటూ ప్రతి దూలానికీ, ప్రతి తలుపుకూ అంకె వేయవలె. కూడవెల్లిలో రాళ్ళకు వేసినది ఆ అంకెలే. ఇవన్నీ ఇంజనీర్లకు తెలిసిన పనులే. వారికి తెలియనిది, ఎవరూ చెప్పనిది ఒకటుంది. బడిలో అత్యంత విలువైన వస్తువు గోడ కాదు, ప్రవేశాల రిజిస్టరు. అందులో మొదటి పేజీలలో ఊరి తొలి చదువరుల పేర్లు, తండ్రుల పేర్లు, కులం, వృత్తి, బడి మానిన తేదీ, మానడానికి కారణం వరుసగా ఉంటాయి. పేరు ఎదురుగా ‘పశువులు కాయుటకు’ అనో, ‘వివాహమైనది’ అనో ఒకే మాట ఉంటుంది. ఒక పల్లె వందేళ్ళ సామాజిక చరిత్రలో సగం ఆ ఒక్క గడిలో దొరుకుతుంది. ముంపు బాధితునిగా గుర్తింపు కోరి వచ్చిన మనిషికి, తాను ఆ ఊరివాడినేనని చూపించే కాగితం కూడా అనేకసార్లు అదే అవుతుంది. కులధ్రువీకరణకు, వయస్సు నిర్ధారణకు పనికివచ్చే ఆ పుస్తకం తడిసిపోతే ఒక కుటుంబం హక్కే తడిసిపోతుంది.

కావున ఏ దూలాన్నీ విప్పడానికి ముందు, ఏ గ్రామసభా జరగడానికి ముందు చేయవలసిన పని ఒకటి ఉన్నది. దానికి కోట్ల రూపాయలు అక్కరలేదు. ప్రతి ముంపు పల్లె బడిలో, వరద ముప్పు ఉన్న బూర్గంపాడు వైపు లోతట్టు బడులలో రిజిస్టర్లను బయటికి తీసి, ఆరబెట్టి, ప్రతి పుటనూ నకలు తీయించి, ఒక ప్రతిని మండల కేంద్రంలో, మరొక ప్రతిని ఎత్తైన చోట ఉన్న ఏదైనా కళాశాల గ్రంథాలయంలో ఉంచవలె. కళాశాల విద్యార్థులే వేసవి సెలవులలో ఈ పని చేయగలరు. పక్కన ముసలివారిని కూర్చోబెట్టుకొని, రిజిస్టరులోని ఒక్కొక్క పేరును చదివి వినిపిస్తే, ఎవరు ఎవరో, ఎటు వెళ్ళిపోయారో వారు చెబుతారు. రెండు రాష్ట్రాల సరిహద్దు ఆ పనికి అడ్డుకారాదు. పేర్లలో చాలా వరకు ఇటువారికి అటు, అటువారికి ఇటు చుట్టాలవే. గోదావరి సాధారణంగా జూలైలో పొంగుతుంది. పాతబడుల పెట్టెలు ఎక్కువగా నేల మీదనే ఉంటాయి. ఆ పెట్టెలను తెరవవలసినది మే నెలలోనే.